కప్పుకి అవతలి వైపు

రీనో కంగాస్‌ని తొమ్మిదో తరగతి లెక్కల్లో రెండుసార్లు ఫెయిల్ చేసింది నేనే. చేసిన పాపం చెబితే పోతుందంటారు, అందుకని ముందే చెప్పేస్తున్నాను. అది పంతొమ్మిది వందల యాభై మూడు, యాభై నాలుగుల నాటి మాట. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు, ఉత్తరాన సరస్సు ఒడ్డున ఉన్న ఈ గనుల ఊళ్ళో పెన్‌రోజ్ బడికి వచ్చి రెండేళ్ళయింది, కోపం ముక్కు మీదుండేది. ఇప్పుడు డెబ్భై నాలుగు. ముక్కు మీదికి కళ్ళజోడు కూడా వచ్చింది గాని కోపం చోటు ఖాళీ చేయలేదు.

రెండోసారి తప్పాక రీనో బడి మానేసి, వాళ్ళ మామయ్య వెంట ఇళ్ళ కప్పులు వేసే పనికి వెళ్ళిపోయాడు. నేనేమీ బాధపడలేదు. ఏడాదికి నలుగురైదుగురు అలా పోయేవారు, అడవిలో కలప కొట్టడానికో, రాగి గనిలోకో. లెక్కలు అందరికీ రావు, రానివాళ్ళకి చేతిపని ఉంటుందనుకునేదాన్ని. తప్పెవరిదని అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే క్షణం ఆలోచించకుండా అతని పేరే చెప్పేదాన్ని.

ఆ తరవాత నలభై ఏళ్ళలో మా ఊళ్ళో రీనో చెయ్యి పడని కప్పు లేదు. మా ఇంటిది కూడా అతను వేసిందే. ట్రక్కు నడుపుతూ నడుపుతూ ఎవరింటినో ఓరకంట చూసి "ఏడు-పన్నెండు" అనేవాడు. అంటే అడ్డంగా పన్నెండు అంగుళాలు పోయేసరికి పైకి ఏడు అంగుళాలు లేస్తుందని. కొలిచి చూస్తే ఏడే ఉండేది. సరస్సు మీంచి వచ్చే మంచు జనవరికల్లా కిటికీలు మూసేసే చోట, కప్పుకి వాలు చాలకపోతే ఇల్లే కూలుతుంది. అందుకని ఆ ఓరచూపుకి మా ఊళ్ళో పాదిరిగారి మాట కంటే విలువెక్కువ.

మనిషి పొట్టి, భుజాలు వెడల్పు, చెవులు నిండు వేసవిలో కూడా ఎర్రగా ఉంటాయి. మాటల్లో పరమ పిసినారి. ప్రశ్న వేస్తే జవాబు రావడానికి కప్పు కాఫీ చల్లారేటంత సేపు పడుతుంది. ఒంటరిగా ఉండే ముసలమ్మల కప్పుల మీద మంచు తెల్లారేసరికి తోసేసి, ఎవరు తోశారని అడిగితే గాలికి పోయుంటుందనేవాడు. నాలుగడుగుల మంచు గాలికి పోతుందా అని ఎవరూ ఎదురడిగేవారు కాదు. అతని మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, పేస్టీ మీద కెచప్ పోసుకుంటాడు. పిండి మడతలో మాంసమూ దుంపలూ కూరి కాల్చి, సముద్రం దాటి వచ్చిన మా కార్న్‌వాల్ తాతలు గనుల్లోకి మూట కట్టుకుని తీసుకెళ్ళిన తిండి అది. అతను దాన్ని ఎర్రగా ముంచుతుంటే చూడలేక నేను కిటికీ వైపు తిరిగి కూర్చుంటాను.

తొంభై నాలుగు అక్టోబరులో రీనో ఒక హాలు కప్పు మీంచి జారాడు. చూరంచున నీళ్ళు పోయే రేకు తొట్టి పట్టుకుని ఆగాడు గాని, లేకపోతే కింద రాతి మెట్లే. మధ్యాహ్నం భోజనం ఇవ్వడానికి వచ్చిన అతని భార్య ఐలీ అదంతా కింద నిలబడి చూసింది. అప్పటికే అతని మోకాళ్ళు రెండూ అరిగిపోయి, మెట్లు దిగుతుంటే నూనె లేని తలుపుల్లా చప్పుడు చేసేవి. ఇక కప్పులెక్కొద్దని డాక్టరు అన్నాడు. ఎక్కకపోతే బతకడానికి ఏం చెయ్యాలో మాత్రం డాక్టరు చెప్పలేదు.

మరుసటి వారం ఐలీ మా ఇంటికొచ్చింది. ఏలకుల రొట్టెలు బల్ల మీద పెట్టి, కోటు విప్పకుండానే సంగతి చెప్పింది. మా కౌంటీలో కొత్త కట్టడాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు మార్చి చివర రిటైరవుతున్నాడు. ఆ పని రీనోకి ఇవ్వాలని ఆఫీసులో అందరికీ ఉంది, కాని హైస్కూలు చదువు పూర్తయినట్టు కాగితం ఉండి తీరాలి. పెద్దవాళ్ళ కోసం పెట్టే పరీక్షలో అయిదు భాగాలుంటాయి. రీనో ఏడాదిగా ఎవరికీ చెప్పకుండా చదివి నాలుగు గట్టెక్కాడు. లెక్కలు మాత్రం రెండుసార్లు తప్పాడు. మూడోసారి పరీక్ష మార్చి రెండో శనివారం.

"అదీ పోతే మే నెలలో కొండ మీది చర్చి కప్పు ఒప్పేసుకున్నాడు," అంది ఐలీ. "పన్నెండుకి పన్నెండు వాలు, టీచర్‌గారూ. కింద నిలబడి చూడ్డం ఇంక నావల్ల కాదు."

లెక్కల్లో ఎక్కడ పోతోందని అడిగాను. సరళరేఖల దగ్గర, అంది. గ్రాఫు మీద గీత చూపించి దాని సమీకరణం రాయమంటారట. సరిగ్గా నేను అతన్ని ఫెయిల్ చేసిన పాఠం. ఆ సంగతి ఐలీకి తెలుసో లేదో మొహం చూస్తే అంతుపట్టలేదు. రొట్టెలు మాత్రం రెండు తెచ్చింది.

అప్పట్నించి ఆదివారం ప్రార్థన కాగానే వాళ్ళ వంటింట్లో పాఠం. మొదటి రోజే నాకు కళ్ళు తిరిగాయి. రెండు బిందువులు ఇస్తే చాలు, పెన్సిలు పట్టకుండా వాలు నోటితో చెప్పేసేవాడు. కాకపోతే అన్నీ పన్నెండు మీదే. రెండు బై మూడు అనడు, ఎనిమిది-పన్నెండు అంటాడు. మూడు బై నాలుగు అనడు, తొమ్మిది-పన్నెండు అంటాడు. ఇరుక్కుంటాడేమో చూద్దామని రెండు బై అయిదు వచ్చే లెక్క ఇచ్చాను. కాసేపు దూలం వైపు చూసి, "అయిదు-పన్నెండుకి వెంట్రుకవాసి తక్కువ," అన్నాడు. ఈ బుర్రనా నేను రెండేళ్ళపాటు వెనక బల్ల మీద కూర్చోబెట్టింది?

ఆ పన్నెండుని వదిలించడానికి నవంబరంతా పట్టింది. ఆ తరవాత కాగితం మీద y = mx + b అని రాసి, m అంటే నీకు తెలిసిన వాలే, b అంటే గీత ఎంత ఎత్తులో మొదలవుతుందో అది, అన్నాను. "అంటే చూరు ఎత్తన్నమాట," అన్నాడు. అవునన్నాను. తొందరపడి ఆ ఒక్క అవును అన్నందుకు మూడు నెలలు అనుభవించాను.

క్రిస్మస్ ముందు పది గీతలిచ్చి సమీకరణాలు రాయమంటే ఆరు ఒప్పు, నాలుగు తప్పు. జనవరిలో ఇస్తే మళ్ళీ ఆరు ఒప్పు, నాలుగు తప్పు. పైకి లేచే గీతలన్నీ ముత్యాల్లా రాసేవాడు, కిందికి దిగేవన్నీ పోయేవి. ఎడమ అంచున ఎనిమిది ఎత్తులో మొదలై, పన్నెండు గళ్ళు పోయేసరికి రెండుకి దిగే గీత ఒకటిచ్చాను. దానికి వాలు మైనస్ సగం, మొదలు ఎనిమిది. అతను మాత్రం వాలు సగం, మొదలు రెండు అని రాసి, కింద నీటుగా గీత కొట్టి ఇచ్చాడు. తప్పని చెప్తే నేను రాసింది చూసి దించుకునేవాడు. తరవాతి లెక్కలో మళ్ళీ అదే. పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం అనుకున్నాను.

ఫిబ్రవరి ఆఖరి ఆదివారం నా ఓపిక అయిపోయింది.

"ఇది కిందికి దిగుతోంది కదా రీనో. అందుకని వాలు మైనస్."

కాఫీ చల్లారేదాకా కాగితం చూశాడు. "వాలు మైనస్ అయితే నీళ్ళు పైకి పారతాయా, టీచర్‌గారూ?"

వెటకారం చేస్తున్నాడనుకున్నాను. నలభై ఏళ్ళ కిందటి గొంతు నా నోట్లోంచి మళ్ళీ బయటికొచ్చింది. నువ్వు వినడం లేదు, ఎప్పుడూ వినలేదు అని గట్టిగా అరిచాను. ఐలీ కాఫీ కెటిల్ పొయ్యి మీద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

రీనో పెన్సిలుని పుస్తకం అంచుకి సరిగ్గా ఆనించి పెట్టాడు. "నాకు రాదు, టీచర్‌గారూ. అప్పుడూ రాలేదు. మీ ఆదివారాలు పాడు చేస్తున్నాను," అన్నాడు. కోపంగా అనుంటే బాగుండేది. మామూలుగా అన్నాడు, మంచు పడేలా ఉంది అన్నట్టు. పరీక్షకి ఇంకా రెండు వారాలే ఉన్నాయి.

ఇంటికొచ్చినా మనసు కుదుట పడలేదు. మర్నాడు పొద్దున అతని తప్పుల కాగితం చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎదురిల్లు కనిపిస్తోంది, ఆ కప్పూ రీనో వేసిందే. నా వైపు నుంచి చూస్తే దాని కుడి సగం దిగుతోంది. పైన ఎనిమిది, కింద రెండు అనుకుంటే అచ్చం మేం పోట్లాడుకున్న గీతే. ఎందుకు తోచిందో చెప్పలేను, బూట్లు తొడుక్కుని మోకాలి లోతు మంచులో నడుచుకుంటూ ఆ ఇంటి వెనక్కి వెళ్ళాను. వెనక నుంచి చూస్తే అదే సగం ఇప్పుడు నాకు ఎడమ పక్కన ఉంది. చూరు దగ్గర రెండులో మొదలై పైకి లేస్తోంది. వాలు సగం, మొదలు రెండు.

కాగితం మీద తక్కిన మూడు తప్పులూ చూశాను. మూడూ అంతే. అతను రాసినవి తప్పు గీతలు కావు. అవే గీతలు, ఇంటి వెనక నిలబడి చూసినవి. కప్పులు వేసేవాడెవడూ పని పై కొసన మొదలుపెట్టడు. చూరు దగ్గర మొదలుపెట్టి, కింది పలక మీద పై పలక ఎక్కేలా పైకి పరచుకుంటూ పోతాడు, లేకపోతే నీళ్ళు లోపలికొస్తాయి. ఇటు సగమైనా అటు సగమైనా పోవడం పైకే. అతని లెక్కలో ప్రపంచంలో ఉన్న గీతలన్నీ కింద మొదలై పైకి పోయేవే. పద్నాలుగేళ్ళప్పుడూ అంతే అయ్యుంటుంది, అప్పటికే సెలవుల్లో మామయ్యతో కప్పులెక్కేవాడు. ఆనాటి పేపర్లు నా దగ్గర లేవు. చూడక్కర్లేదు కూడా. తప్పులన్నీ ఒకే తీరుగా ఎందుకున్నాయని అప్పుడు నేనొక్కసారి అడగలేదు, ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన పడేశాను. అక్కడే ఆ మంచులో నిలబడి ఏడ్చాను. ముసలిది పొద్దున్నే పరాయి పెరట్లో ఏడుస్తుంటే పాపం ఆ ఇంటి కుక్క కూడా మొరగడం మానేసింది.

ఆ వచ్చిన ఆదివారం పుస్తకం తెరవనివ్వలేదు. కోటు వేసుకోమని రీనోని పెరట్లోకి తీసుకెళ్ళాను. ఆవిరిస్నానం చేసే వాళ్ళ సౌనా గది చిన్నది, కప్పు ఆరు-పన్నెండు. పైన మంచంతా తోసేసి ఉంది, తోసిన మంచు రెండు పక్కలా చూరుదాకా గుట్టపడి ఉంది. కట్టెల పేర్పు దగ్గర, కప్పు ముక్కోణం ఎదురుగా కనబడే చోట అతన్ని నిలబెట్టి చేతికి కాగితమూ పెన్సిలూ ఇచ్చాను. ఏం జరిగినా అక్కణ్ణుంచి కదలొద్దన్నాను. ఎడమ పక్క మంచుగుట్ట మీంచి కప్పెక్కడం మొదలుపెట్టాను.

"టీచర్‌గారూ, అది జారుతుంది."

"నువ్వు వేసిన కప్పేగా."

చేతులూ మోకాళ్ళ మీద పాక్కుంటూ కొస దాకా వెళ్ళి పొగ్గొట్టం పట్టుకున్నాను. వాలెంత అని అడిగితే సగం అన్నాడు, రాయమన్నాను, రాశాడు. ఇప్పుడు అటు దిగుతానని చెప్పగానే అతని కాళ్ళు కుడి చూరు వైపు రెండడుగులు వేశాయి.

"ఆగక్కడ. ఇదే నువ్వు చేసేది," అన్నాను. "గీత కనబడితే చాలు, చూరు దగ్గరికి పరిగెత్తి అక్కణ్ణుంచి పైకి చూస్తావు. లెక్కల్లో అలా పోనివ్వరు. నిలబడ్డ చోటే నిలబడి ఎడమ నుంచి కుడికి చూడాలి."

"ఆ రూలెవరు పెట్టారు?"

"ఎవరో పుస్తకాలు చదివేవాళ్ళు పెట్టారు. వాళ్ళ పని ఎడమ పక్క మొదలవుతుంది, నీ పని చూరు దగ్గర మొదలవుతుంది. నువ్వు తప్పేం చూడ్డం లేదు రీనో. ఇంటి వెనక నిలబడి చూస్తున్నావు, అంతే."

ఇంకా చాలా చెప్దామనుకున్నాను గాని ఈలోగా కాలు జారింది. కుడి సగమంతా కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే జారి, నడుం దాకా మంచులో దిగబడ్డాను. వంటింటి గుమ్మంలో ఐలీ రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని నిలబడింది. రీనో మాత్రం రాలేదు. కదలొద్దన్నానుగా, కట్టెల పేర్పు దగ్గరే నిలబడి ఒకసారి కప్పు వైపు, ఒకసారి నా వైపు చూశాడు. తరవాత కాగితం మీద ఏదో రాశాడు.

"మైనస్ సగం," అన్నాడు. "ఇప్పుడు రావచ్చా?"

రమ్మన్నాను. నన్ను బయటికి లాగుతూ నవ్వడం మొదలుపెట్టాడు. నాకు తెలిసిన నలభై ఏళ్ళలో అతను చప్పుడు చేస్తూ నవ్వడం వినడం అదే మొదలు.

వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టించి, దుప్పటి కప్పి ఐలీ నన్ను పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. b అంటే చూరు కాదని, ఎడమ అంచు దగ్గర గీత ఎంత ఎత్తులో ఉంటే అదేనని, ముందు తప్పు చెప్పింది నేనేనని ఒప్పుకున్నాను. అంతే, తప్పిన నాలుగూ వరసగా రాసేశాడు. తొమ్మిదో తరగతి సంగతి కూడా అప్పుడే చెప్పాను. అప్పుడు కూడా నువ్వు వెనక నుంచే చూసుంటావు, నేనడిగుంటే తేలిపోయేది, నన్ను క్షమించు అన్నాను. ఒకరి దగ్గర ఆ మాట వాడడం నాకలవాటు లేదు.

రీనో రొట్టె ముక్క నా వైపు జరిపాడు. "మీరడిగినా నేను చెప్పేవాణ్ణి కాదు, టీచర్‌గారూ. వెనక నిలబడ్డానని నాకు మాత్రం ఏం తెలుసు."

ఇల్లలకగానే పండగ కాదుగా. పరీక్ష రోజు తుఫాను. నలభై మైళ్ళు ఐలీయే ట్రక్కు నడిపింది. సాయంత్రం ఫోను చేసి ఎలా రాశాడని అడిగితే, దిగే గీతలు మూడొచ్చాయన్నాడు. "మూడుసార్లూ మీరే పడ్డారు," అన్నాడు.

తరవాత రెండు వారాలు ఉత్తరాల డబ్బా చప్పుడు వినడమే నా పని. వచ్చేది వాళ్ళింటికని తెలిసినా వినేదాన్ని. మార్చి ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం ట్రక్కు మా గేటు ముందాగింది. రీనో ఒక్కడే లోపలికొచ్చాడు. చేతిలో కవరు, అంటించింది అంటించినట్టే ఉంది. మార్కులు వేసేది మీరు కదా, మీరే చూడండి అని నా చేతికిచ్చాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు కొన్ని వేల మందికి మార్కులు వేసిన చేతులు నావి. కవరు చింపలేక కూరల కత్తి తెచ్చుకున్నాను.

కావలసినదానికంటే మూడు ఎక్కువొచ్చాయి.

పాసయ్యావన్నాను. ఎంతన్నాడు, చెప్పాను. ఇంకా బాగా రాయాల్సింది అని కూడా అన్నాను, అనకుండా ఉండలేకపోయాను. అతను తలూపి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. ట్రక్కులోంచి ఐలీ మమ్మల్నే చూస్తోంది. నేను గుమ్మంలోకి వెళ్ళి కాగితం పైకెత్తి ఊపాను.

ఐలీ దిగింది. మా వైపు రాలేదు. ట్రక్కు మీద కట్టి ఉన్న పెద్ద నిచ్చెన తాళ్ళు ఒక్కొక్కటీ విప్పింది. చలికి బిగుసుకున్న ముళ్ళు పళ్ళతో లాగింది. రీనో సాయానికి ఒకడుగు వేస్తే వద్దని తలూపింది. ఆ నిచ్చెనని మంచు మీద ఈడ్చుకుంటూ, మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకుంటూ మా కట్టెల కొట్టు దాకా తీసుకెళ్ళి లోపలికి నెట్టింది. తలుపేసి వచ్చి నా ముందు నిలబడింది.

"ఇది మీ దగ్గరుండనివ్వండి, టీచర్‌గారూ. మా ఇంట్లో ఉంటే ఎక్కుతాడు."

అని, గుమ్మం పట్టుకుని, అక్టోబరు నుంచి ఆపుకున్నదంతా ఏడ్చింది. నేను దగ్గరికి తీసుకున్నాను. రీనో ఎక్కడ నిలబడాలో తెలియక మా ఇద్దరి చుట్టూ ఒకసారి తిరిగి, చివరికి ఐలీ పక్కన ఆగాడు.

అతను ఇన్‌స్పెక్టరయి నాలుగేళ్ళు దాటింది. నిచ్చెన ఇంకా నా కొట్టులోనే ఉంది, కొట్టుకి తాళం ఉంది. చిన్న పనే, ఒక్క గంట చాలని ఇప్పటికి అయిదుసార్లు అడిగాడు. ఇవ్వలేదు.